మెట్ట పిల్లోడు, మాగాణి చదువు

బియ్యం బస్తా మీద కనిపించే బీపీటీ అన్న మూడక్షరాలు బాపట్లకు గుర్తు అని చెబితే మా బ్యాంకులో ఎవరూ నమ్మలేదు. ఏదో కంపెనీ పేరనుకుంటూ ఇన్నేళ్ళూ వండుకు తిన్నారు. వరి వంగడాలకు పుట్టిన ఊరే ఇంటిపేరు. ఎంటీయూ అంటే మారుటేరు, ఎన్‌ఎల్‌ఆర్ అంటే నెల్లూరు, జేజీఎల్ అంటే జగిత్యాల, ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్. బాపట్లలో పుట్టిన 5204కు సాంబ మసూరి అని పేరు పెట్టి 1986లో విడుదల చేశారు. ఊరూ జిల్లా దాటాక అదే కర్నూలు సోనా అయింది, ఇంకా ఏమేమో అయింది. పెళ్ళి భోజనంలో అన్నం సన్నగా, పొడిపొడిగా ఉంటే నాకు ఇప్పటికీ కాలేజీ ఫారమే గుర్తొస్తుంది. పక్కనున్నవాళ్ళకు చెప్పాలనిపిస్తుంది కానీ, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకు వరి వంశవృక్షం ఎందుకు?

నేను 1994లో బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరాను. 1945లో, స్వాతంత్ర్యానికి ముందు, ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే పెట్టిన కాలేజీ అది. మేం చేరేటప్పటికి మా యూనివర్సిటీ పేరు ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. మధ్యలో, 1996లో, దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రంగా గారి నిడుబ్రోలు బాపట్లకు పెద్ద దూరం కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కొన్నాళ్ళు కాలర్ ఎగరేసుకుని తిరిగారు.

క్లాసులో చాలామంది ఎంసెట్‌లో డాక్టరు సీటు తప్పిపోయి వచ్చినవాళ్ళే. వాళ్ళలో కొందరు మొదటి ఏడాదంతా మళ్ళీ ఎంసెట్‌కు చదువుతూనే ఉన్నారు. నాలా రైతు కోటాలో వచ్చినవాళ్ళకు ఆ బాధ లేదు. వేరే బాధ ఉంది. మాది అనంతపురం జిల్లా, వానాధారం, ఎర్ర నేల, వేరుశనగ. సీటు వచ్చిందని చెబితే నాయన అన్న మొదటి మాట, "ఏమప్పా, శెనక్కాయ ఇత్తేదానికి గూడా కాలేజీకి పోవల్లనా?" వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఫీజు మాత్రం కట్టాడు.

బాపట్లలో నన్ను మొదట ఆశ్చర్యపరిచింది నీళ్ళు. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చిల్లర. ఆ చిల్లర కూడా ఎప్పుడు పడుతుందో, ఎక్కడ పడుతుందో తెలియదు. కృష్ణా పశ్చిమ డెల్టాలో మా రూమ్మేట్ వాళ్ళ ఊరికి పండక్కి వెళితే, వాళ్ళ నాన్నగారు చేలో నీళ్ళు ఎక్కువయ్యాయని, మురుగు కాలవ పూడిక తీయలేదని తిట్టుకుంటున్నారు. నీళ్ళు బయటికి పోవడం లేదని బాధపడే రైతును చూడటం నాకు అదే మొదలు. ఆయనకూ నన్ను చూస్తే అంతే వింత. "బాబూ, మరి వాన పడకపోతే ఏం చేస్తారు?" అని అడిగారు. "ఇంకోసారి ఇత్తుతామండీ" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

క్రాప్ ప్రొడక్షన్ ప్రాక్టికల్‌కు మాకు ఫారంలో చిన్న చిన్న మళ్ళు ఇచ్చేవారు. నారు పోయడం దగ్గర్నుంచి కోత దాకా మేమే చేయాలి. మోకాలి లోతు బురదలో దిగినప్పుడు డాక్టరు సీటు తప్పినవాళ్ళ మొహాలు చూడాలి. నా పరిస్థితీ అంతకన్నా గొప్పగా ఏమీ లేదు. మెట్ట చేలో గొర్రుతో విత్తడం, గుంటకతో కలుపు తీయడం తెలుసు కానీ, దమ్ము చేసిన మడిలో కాలు ఎలా పెట్టాలో తెలియదు. రూమ్మేట్ మాత్రం ప్యాంటు మడిచి, పుట్టినప్పట్నుంచీ అందులోనే ఉన్నట్టు దిగిపోయాడు. "రారా అనంతపురం, నీళ్ళు కరవవు" అని గట్టు మీదున్న నన్ను పిలిచాడు. ఆ పేరు నాకు చదువు అయ్యేదాకా వదల్లేదు.

నాట్లు వేయడం మాకు నేర్పింది ఫారంలో పనిచేసే ఆడవాళ్ళు. సార్ గట్టు మీద నిలబడి 20 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్లు, చదరపు మీటరుకు 33 కుదుళ్ళు అని చెప్పేవారు. ఆవిడల్లో పెద్దావిడ నా చేతిలోంచి నారు లాక్కుని, "అబ్బాయ్, అంత లోతుగా కుక్కితే అది ఎప్పుడు లేచేది, ఎప్పుడు పిలకేసేది? పైపైన పెట్టు" అంది. తర్వాత పుస్తకం తెరిస్తే అదే మాట ఉంది: రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోతుగా నాటితే పిలకలు ఆలస్యంగా, తక్కువగా వస్తాయి. పరీక్షలో ఆ జవాబు రాసేటప్పుడు ఆవిడ గొంతే వినిపించింది.

తర్వాత లెక్కలు మొదలు. పిలకలు లెక్క, వెన్నులు లెక్క, వెన్నుకు గింజలెన్ని, అందులో గింజ కట్టని తాలు ఎన్ని, వెయ్యి గింజల బరువెంత. పొలం అంటే ఎకరాల్లో, బస్తాల్లో ఆలోచించే ఇంట్లోంచి వచ్చినవాడిని. ఒక్క కుదురు ముందు కూర్చుని అంతసేపు చూడొచ్చని నాకు తెలియదు. మొదట్లో చిరాకేసేది. రెండో ఏడాదికి అలవాటైంది. మూడో ఏడాదికి బస్సులో వెళుతూ కూడా కిటికీలోంచి పక్క చేలో తెల్లకంకులు కనబడితే, కాండం తొలుచు పురుగు ఎంత శాతం ఉందో అంచనా వేసే రోగం పట్టుకుంది.

ఎరువుల లెక్కల సార్ ఒకాయన ఉండేవారు. "రైతు బస్తాల్లో అడుగుతాడు, పుస్తకం కిలోల్లో చెబుతుంది, మధ్యలో ఉండేది నువ్వు" అనేవారు. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే అప్పటి యాభై కిలోల బస్తాలో 23 కిలోలు. డీఏపీ బస్తా వేస్తే 23 కిలోల భాస్వరంతో పాటు 9 కిలోల నత్రజని కూడా పడుతుంది, దాన్ని తీసేసి మిగతాది యూరియాలో చూసుకోవాలి. చాలామంది రైతులు ఆ తొమ్మిది కిలోలు లెక్కలోకి తీసుకోరు. ఇప్పుడు బ్యాంకులో పంట రుణాల ఫైళ్ళు చూస్తూ కాలిక్యులేటర్ తీయకుండా ఈ లెక్క చెబితే కొత్తగా చేరిన కుర్రాళ్ళు వింతగా చూస్తారు. అది నా తెలివి కాదు, ఆ సార్ పెట్టిన టెన్షన్. అటెండెన్స్ పిలవడానికి ముందే ఒక్కో నంబరుకు ఒక్కో లెక్క ఇచ్చేవారు.

డెల్టాలో నేను చూసిన వాటిలో నాకు అన్నింటికన్నా నచ్చింది మాగాణి మినుము. వరి ఇంకా చేలో నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు, ఆ తడి మడిలోనే మినుములు చల్లేస్తారు. దున్నడం లేదు, దుక్కి లేదు, నీళ్ళు పెట్టేది లేదు. కోసేవాళ్ళ కాళ్ళ కింద పడి కూడా అది మొలుస్తుంది. నేలలో మిగిలిన పదునుతో, చలికాలపు మంచుతో ఎదిగి కాయ కాస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది మా మెట్ట సేద్యమే కదా, మాగాణిలోకి ఎట్లా వచ్చింది అనిపించింది. మిగిలిన పదునును వృథా పోనివ్వకపోవడం మా ఊళ్ళో ప్రాణావసరం. ఇక్కడ కాలవ పారే నేలలో కూడా ఎవరో ఆ సంగతి కనిపెట్టి పెట్టారు. ఈ పద్ధతికి కాలేజీల కన్నా రైతులే మూలం అని నా నమ్మకం. గుంటూరు లాం ఫారం వాళ్ళు దానికి సరిపోయే రకాలు ఇచ్చారు. మినుము రకాల పేర్ల ముందు ఉండే ఎల్‌బీజీలో మొదటి అక్షరం లాందే.

ఆదివారాలు సూర్యలంక. అందరూ సముద్రానికి వెళ్ళేవారు, నేనూ వెళ్ళేవాణ్ణి కానీ, దారిలో ఇసుక నేలల్లో దొరువులనే నీటి గుంటల దగ్గర ఆగిపోయేవాణ్ణి. సముద్రం అంత దగ్గర. అయినా ఇసుకలో కాస్త లోతు తవ్వితే మంచినీళ్ళు. వాన నీరు ఇసుకలోంచి ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. తీపి నీరు తేలిక, ఉప్పునీరు బరువు, అంతే రహస్యం. ఆశకు పోయి లోతుగా తవ్వినా, మోటారు పెట్టి గట్టిగా తోడినా కింది ఉప్పు పైకి వచ్చేస్తుంది. అందుకే రైతులు వెడల్పుగా, లోతు లేకుండా గుంటలు తవ్వి, బిందెలతో ముంచుకుని నారుమళ్ళకు, కూరగాయలకు, పూలమొక్కలకు పోసేవారు. బాపట్లలోనే ఉన్న ఉప్పునీటి పరిశోధన పథకం శాస్త్రవేత్తలు దీన్ని ఇంకొంచెం మెరుగుపరిచారు. చిల్లులున్న గొట్టాలను ఇసుకలో అడ్డంగా పరిచి, పైపొర నీళ్ళను మాత్రమే ఒక బావిలోకి లాగి వాడుకునే ఏర్పాటు అది. ఈ సంగతి సెలవుల్లో నాయనకు చెప్పాను. మా ఊళ్ళో బోరు ఎంత లోతుకు పోతే అంత ఆశ. ఎక్కువ లోతుకు పోతే నీళ్ళు చెడిపోయే చోటు ఒకటుందంటే ఆయన నమ్మలేదు. "సముద్రం పక్కన తీపి నీళ్ళా? నీకెవరో చెప్పినారు, నువ్వు నాకు చెప్తాండావు" అన్నాడు.

ప్లాంట్ బ్రీడింగ్ ప్రాక్టికల్ గురించి చెప్పకపోతే మా బ్యాచ్ వాళ్ళు ఊరుకోరు. వరి పువ్వును ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? గింజ అనుకుంటాం కానీ, పొట్టులోపల అదో పువ్వు, ఆరు కేసరాలు. సంకరం చేయాలంటే ముందు తల్లి మొక్క వెన్నులో ఒక్కో పువ్వు పైభాగం మూడో వంతు కత్తెరతో కత్తిరించి, సూదితో ఆ ఆరు కేసరాలనూ తీసేయాలి. ఒక్కటి మిగిలినా, ఒక్కటి పగిలినా మొత్తం దండగ, ఎందుకంటే వరి తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది. తీసేశాక బటర్ పేపర్ కవరు తొడిగి, మర్నాడు పొద్దున పువ్వులు విచ్చే వేళకు తండ్రి మొక్క వెన్ను తెచ్చి కవరులోకి దులపాలి. తొమ్మిది దాటాక ఎండ నెత్తి మీద, వేళ్ళలో వణుకు, మెడ నొప్పి. తర్వాత వారం పది రోజులకు కవరు తీసి చూస్తే చాలామందికి తాలే. ఒకమ్మాయికి మాత్రం నాలుగైదు గింజలు కట్టాయి, సన్నగా, పైన కత్తిరించిన చోట తెల్లటి బియ్యం బయటికి కనబడుతూ. డాక్టరు సీటు ఒక్క మార్కులో పోయిందని ఏడాదంతా మూతి ముడుచుకున్న అమ్మాయి ఆమె. ఆ రోజు హాస్టల్ అంతా తిరిగి ఆ కవరు అందరికీ చూపించింది. ఇప్పుడు ఆమె వరి శాస్త్రవేత్త.

ఇక హెర్బేరియం. కలుపు మొక్కలు ఏరి, పాత పేపర్ల మధ్య పెట్టి, బరువు పెట్టి ఆరబెట్టి, అట్ట మీద అతికించి, శాస్త్రీయ నామం, కుటుంబం, తెలుగు పేరు రాసి ఇవ్వాలి. పేపర్లు రోజూ మార్చకపోతే బూజు పడుతుంది. బాపట్ల వానల్లో మార్చినా పడుతుంది. రూమంతా పచ్చి గడ్డి వాసన. తుంగ, గరిక, ఊద, గుంటగలగర, పులిచింత చుట్టుపక్కలే దొరికేవి. మినుము చేలో మొక్కల మీద పసుపు దారాల్లా అల్లుకుని రసం పీల్చే బంగారు తీగను రూమ్మేట్ వాళ్ళ ఊరి నుంచి తెచ్చాడు. ఒంగోలు వైపు కుర్రాడు పొగాకు మల్లె తెచ్చాడు. ఆకుపచ్చ అనేదే లేకుండా పొగాకు వేళ్ళ మీద బతుకుతూ, మట్టిలోంచి అంత అందంగా పూసే మొక్క రైతుకు చేసే నష్టం చూస్తే ఒళ్ళు మండుతుంది. నేను సెలవుల్లో ఊరికి వెళ్ళి పల్లేరు, ఉత్తరేణి, గునుగు, తుత్తురు బెండ తెచ్చాను.

ఆ ఏరడంలో నాయన కూడా సాయం వచ్చాడు. పెరికి పారేయాల్సిన గడ్డిని కొడుకు జాగ్రత్తగా పేపర్లో చుట్టుకుంటుంటే ఆయనకు నవ్వు. "ఇవి తీసుకపోతే మార్కులేస్తారా? అట్లయితే బండి కట్టుకోని పో" అన్నాడు. కానీ ఒక్కోదాని గురించి ఆయన చెప్పినవి ఏ పుస్తకంలోనూ లేవు. ఏది పశువు తింటుందో, ఏది ముట్టదో, ఏ వానకు ఏది ముందు మొలుస్తుందో, ఏది మొలిస్తే ఆ నేల పదును ఇంకెన్నాళ్ళు ఉంటుందో. దారి పక్కన, గట్ల మీద, పంచాయతీ ఆఫీసు ముందు అంతా తెల్ల పూలతో నిండిన వయ్యారిభామను మాత్రం "ఆ కాంగ్రెస్ గడ్డి ఎందుకప్పా, ఒళ్ళంతా దురద" అని వదిలేయమన్నాడు. వదల్లేదు. 1950ల్లో పుణె దగ్గర మొదట కనబడి దేశమంతా పాకిన మొక్క, హెర్బేరియంలో లేకపోతే ఎలా? వైవాలో సార్ దాని గురించే అడిగారు. మనుషులకు ఎలర్జీ, పశువులు తింటే పాలు చేదు, పక్క పంటను ఎదగనివ్వదు అని గడగడా చెప్పాను. సంతృప్తిగా తలాడించారు. అప్పటికి అదే పూర్తి జవాబు.

నాలుగో ఏడాది రావెప్. ఊళ్ళో రైతు దగ్గర ఉండి ఒక సీజన్ పని నేర్చుకోవాలి. మా జట్టుకు గుంటూరు జిల్లాలో నల్లరేగడి పత్తి ఊరు ఇచ్చారు. 1997 ఖరీఫ్. ఆ ఏడాది పత్తి ఏమైందో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. వరంగల్ జిల్లా నుంచి వస్తున్న చావు వార్తలు పేపర్లో చదువుకుంటూనే రోజూ చేలోకి వెళ్ళేవాళ్ళం. మా దగ్గర ఎర్ర అట్ట పుస్తకంలో అన్నీ ఉన్నాయి: మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు, ఎర పంటగా చుట్టూ ఆముదం, సాళ్ళ మధ్య బంతి, ఇన్ని మొక్కలకు ఇన్ని పురుగులు కనబడితేనే మందు. రైతు దగ్గర అప్పు ఉంది, మందుల షాపు వాడి మాట ఉంది. పైరిత్రాయిడ్ మందులకు పచ్చపురుగు లొంగడం మానేసింది. ఒక మందు పనిచేయకపోతే రెండు కలిపి కొడుతున్నారు. మేం ఉన్న ఇంటాయన చాలా మర్యాదస్తుడు. మేం చెప్పింది అంతా విని, "మీరు చెప్పింది బాగానే ఉంది బాబూ, కానీ పక్క చేలో వాడు కొట్టాడు, నేను కొట్టకపోతే పురుగంతా నా చేలోకే వస్తుంది" అన్నారు. ఆ భయం ముందు మా పుస్తకం లెక్కలు నిలబడలేదు. ఆముదం మాత్రం గట్ల మీద వేశారు, మా మీద అభిమానంతో. రావెప్ రిపోర్టులో దాన్ని పెద్దగా రాసుకున్నాం.

మెట్ట సేద్యం పాఠాలు చెప్పిన సార్ మా వైపు ఆయనే, కాబట్టి ఆ క్లాసులో నేను మొదటి బెంచి. వాన ఆలస్యమైతే ఏ కార్తెలో ఏది విత్తాలి, వేరుశనగ అదను దాటితే ఉలవకు, అలసందకు ఎప్పుడు మారాలి, మధ్యలో బెట్ట వస్తే గుంటక పాసి పైమట్టి ఎందుకు పొడి చేయాలి, ఇలా. నోట్సు తీసుకెళ్ళి నాయనకు చదివి వినిపించాను. అంతా విని, "ఇవన్నీ మనకు తెలిసినవే గదప్పా" అన్నాడు. నాకు మొహం మాడింది. కాసేపటికి ఆయనే, "మనకు తెలుసు. వాళ్ళకెట్లా తెలిసింది?" అని అడిగాడు. ఆ మాటలో మా కాలేజీ మీద కొంచెం గౌరవం వినబడింది నాకు. ఆ తర్వాత ఫీజుల విషయంలో గొణగడం తగ్గింది.

చదువు అయిపోయింది. తిరుపతిలో ఎమ్మెస్సీ చేస్తుండగా, 2000 ఖరీఫ్‌లో, నాయన పోస్టాఫీసు పక్క ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. శెనక్కాయ చేను మాడిపోతా ఉంది, ఏం తెగులో ఎవురికీ తెలీదు, రమ్మన్నాడు. వెళ్ళాను. లేత ఆకుల మీద మచ్చలు, మొవ్వ మాడటం, కాండం గోధుమ రంగుకు తిరిగి పైనుంచి కిందికి చావడం. మొవ్వకుళ్ళు వైరస్ అనే అనుకున్నాను, అందరూ మొదట అలాగే అనుకున్నారు. ఆ ఏడు అనంతపురం జిల్లాలో దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అది వేరే వైరస్ అని, టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. మన రైతులకు అది కాండం కుళ్ళు తెగులుగా తెలుసు.

అది వచ్చే దారి చదివినప్పుడు నేను లైబ్రరీలో కుర్చీలోంచి లేచాను. వైరస్ ఉండేది వయ్యారిభామలో. ఆ మొక్కకు ఏ జబ్బూ కనబడదు, పచ్చగా, పూలతో నిగనిగలాడుతూ ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్. ఆ పూలలో తిరిగే తామర పురుగులు పుప్పొడిని ఒంటికి పూసుకుని గాలివాటుకు వేరుశనగ మీద వాలతాయి. ఆకును గీకి రసం పీలుస్తాయి. ఆ గాయంలోంచి పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి దిగుతుంది. పంచాయతీ ఆఫీసు ముందు, గట్ల మీద, నాయన వద్దన్నా నేను పెరికి పేపర్లో పెట్టిన గడ్డి. వైవాలో నేను గడగడా చెప్పిన జవాబులో లేని సంగతి.

మళ్ళీ ఊరికి వెళ్ళి అంతా చెప్పాను. తామర పురుగును చూపించడానికి తెల్ల కాగితం మీద పూలు దులిపి, చిన్న గీతల్లాంటి పురుగులు నడుస్తుంటే భూతద్దం పెట్టి చూపించాను. నాయన చాలాసేపు చూశాడు. పూత రాకముందే గట్ల మీద ఆ గడ్డి పీకేయమని, విత్తనశుద్ధి చేయమని, చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న ఒత్తుగా వేయమని, గాలిలో వచ్చే పురుగును అది ఆపుతుందని చెప్పాను. "సూద్దాం" అన్నాడు.

మరుసటేడు వేశాడు. చుట్టుపక్కల ఎవరూ వేయలేదు, మా చేను ఒక్కటే అంచుల్లో పచ్చగా నిలబడింది. పక్క చేనాయన వచ్చి, ఏమప్పా ఈ జొన్న ఎందుకు అని అడిగితే, గొడ్లకు మేత అని చెప్పాడట. వైరస్ సంగతి చెప్పలేదా అని అడిగాను నేను. "చెప్తే, ఆ పువ్వు సంగతి, పురుగు సంగతి, గాలి సంగతి అంతా చెప్పల్ల. దానికి నువ్వు చదివినన్ని ఏండ్లు పడతాది. మేత అంటే వానికి అర్థమైపాయె, వాడు గూడా వేస్తా అన్యాడు" అన్నాడు నాయన.